గోడకు ఆనిన కాటా

కాటాక్క అంటే ఆ వీధిలో అందరికీ తెలుసు. తండ్రి దగ్గర నేర్చుకున్న పని, ఇరవై ఏళ్లుగా కాటాలు బాగుచేయడమే. కూరగాయల కొట్టాయన బతిమాలినా, ఇనుప సామానాయన బెదిరించినా, యాభై గ్రాములు తేడా ఉన్న కాటాని బాగుందని ఒప్పుకున్న మనిషి కాదు. అలాంటి మనిషి నెత్తిమీదికే కాటా వచ్చి కూర్చుంది.

పిల్లలు పుట్టడానికి వైద్యం చేసే ఆస్పత్రివాళ్లు ఆమె ఎత్తుకి డెబ్బై ఎనిమిది కిలోలు దాటకూడదన్నారు. దాటితే మందులే మొదలుపెట్టరట. ఆమెకి నలభై ఏళ్లు నిండినా మొదలుపెట్టరట. నిండటానికి ఇంకా ఐదు వారాలే ఉన్నాయి. "తగ్గి రండమ్మా" అని మూడుసార్లు తిప్పి పంపారు. మొగుడి బొజ్జ ఆయనకంటే ముందు గుమ్మం దాటుతుంది. ఆయన్ని మాత్రం ఒక్కరైనా కాటా ఎక్కమన్న పాపాన పోలేదు!

"నువ్వు కాస్త తిండి తగ్గించరాదూ" అన్నాడాయన ఓ రోజు, రెండోసారి వడ్డించుకుంటూ.

"నోరు మూసుకుని తినండి" అంది.

నాలుగోసారి వెళ్లే ముందు కొట్లో తన కాటా ఎక్కి చూసుకుంది. డెబ్బై తొమ్మిదిన్నర. తన కాటా అబద్ధం చెప్పదు, అదే ఖర్మ. అయినా వెళ్లింది. నర్సు ఎక్కమంటే కళ్లు మూసుకుని ఎక్కింది.

"డెబ్బై ఏడు కిలోల తొమ్మిది వందలు! హమ్మయ్య, సాధించారక్కా!" అంటూ నర్సు కాగితం మీద రాసేసింది.

కాటాక్క కిందికి చూసింది. గది తుడిచినవాళ్లు కాటాని వెనక్కి నెట్టేసినట్టున్నారు. దాని పళ్లెం గోడకు ఆనుకుని ఉంది. కిలోన్నర పైచిలుకు బరువు గోడే మోస్తోంది. ఛీ, ఈ కిలోన్నర కోసమా మూడు నెలలు కడుపు మాడ్చుకుని చచ్చింది? ఒళ్లు బరువైతే తల్లికీ బిడ్డకీ ముప్పని డాక్టరమ్మ చెప్పింది, కాదనలేదు. ఆ ముప్పేదో తనకు చెప్పి, ఆపై తన ఇష్టానికి వదిలేయొచ్చుగా!

"మీరు కాటాలు బాగుచేస్తారటగా" అంది నర్సు. "ఇది సరిగ్గా ఉందో లేదో ఓసారి చూసిపెట్టరూ?"

తూకం సరిచూసే పరీక్ష రాళ్లు సంచిలోనే ఉన్నాయి. బయట బెంచీ మీద నలుగురు ఆడవాళ్లు చీటీలు పట్టుకుని కూర్చున్నారు. ఒకామె చెప్పులు విప్పేసి, ఆ కాస్త బరువైనా తగ్గుతుందని చేతి గడియారం కూడా తీసేస్తోంది.

కాటాక్క సంచి భుజానికి తగిలించుకుంది.

"బంగారంలా ఉంది తల్లీ" అంది, ఇరవై ఏళ్లలో మొదటిసారి. "దీన్ని ఇక్కణ్ణుంచి మాత్రం కదపకండి."