దుమ్ముగూడెం దారిలో పొట్టి స్ప్రింగులు

ఖమ్మంలో కంటి ఆస్పత్రి నుంచి అమ్మను కారెక్కించుకుని ఉదయం ఆరున్నరకు బయలుదేరాను. ముందురోజే ఆమె కుడికంటికి శుక్లం ఆపరేషన్ అయింది. తల కుదపకుండా ఇల్లు చేర్చమని డాక్టరు రెండుసార్లు చెప్పాడు. మా ఊరు భద్రాచలం దాటాక దుమ్ముగూడెం దారిలో, అడవి అంచున ఉంటుంది. బస్సెందుకు, మన కారుండగా అని పట్టుబట్టింది నేనే.

ఆ కారు సంగతి తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. వారం ముందే దానికి లోయరింగ్ స్ప్రింగులు వేయించాను. బండిని కిందికి దించే పొట్టి స్ప్రింగులన్నమాట. ఖమ్మం దుకాణంలో అంగుళం దించేవి, రెండంగుళాలు దించేవి చూపించారు. నాకు అంగుళం చాలనిపించింది. మా బామ్మర్ది ఊరుకుంటేగా! టైరుకీ పై రేకుకీ మధ్య రెండువేళ్ల సందే ఉంటే బండికి సోకన్నాడు. చివరికి రెండంగుళాలవే వేయించాను. దుకాణదారు ఎర్రవా, పచ్చవా అని రంగు అడిగాడు గానీ, ఏ దారిన తిరుగుతావు, ఎందరెక్కుతారు అని అడిగిన పాపాన పోలేదు. నాకైనా బుద్ధుండాలి కదా!

ఎనిమిదిన్నరకు కొత్తగూడెంలో ఇడ్లీ తిన్నాం. ఈ దారిన వెళ్లేవాళ్లు అక్కడే తినడం మంచిది. వెనక సీట్లో అమ్మ, నా భార్య. డిక్కీ నిండా నూనె డబ్బాలు, గొడ్లకు పల్లిచెక్క బస్తా, ఇంకా ఏవేవో. ఖమ్మం వెళ్లినవాళ్లు వాడకట్టు అందరి సరుకులూ తేవాల్సిందే, అది మా ఊరి పద్ధతి. ఆ బరువుకు పాల్వంచ దాకా ప్రతి స్పీడుబ్రేకరూ కారు పొట్ట గీరింది.

పదింటికి భద్రాచలంలో ఎస్టీడీ బూత్ నుంచి దుకాణానికి ఫోన్ చేసి, నా పాత స్ప్రింగులు తీసిపెట్టమన్నాను. పాత ఇనుముకు ఎప్పుడో వేసేశాడట. నన్నొక మాట అడగొద్దా? ఆ మనిషి గొంతులో తప్పుచేసిన జాడ కూడా లేదు.

దుమ్ముగూడెం రోడ్డు మీద మూడో గుంతకే కారు దభీమని కూలబడింది. అమ్మ కంటిమీది పచ్చగుడ్డను అరచేత్తో అదిమిపట్టుకుంది. భయమేసి టీకొట్టు దగ్గర ఆపాను. అక్కడ టీ తాగుతున్న ట్రాక్టరు డ్రైవరు వంగి, టైరు మీది సందులో చెయ్యి పెట్టబోయాడు. వేలు కూడా దూరలేదు.

"గీ స్ప్రింగులు ఖాళీ బండికి కొలిచిన్రు సారూ," అన్నాడు. "మనుషులు కూసున్నంక ఎవలన్న చూసిన్రా?"

చూడలేదు. అతని టీకి కూడా నేనే డబ్బులిచ్చాను.

అంతలో వెనకనుంచి ఆర్టీసీ బస్సు వచ్చింది. అమ్మ తనే చెయ్యెత్తి ఆపింది.

"బస్సు ఊపుతది గంతే. నీ బండి దంచుతున్నది కొడుకా. నాకు కన్ను గావాలె," అంది.

కండక్టరు ఆమెకు ముందు సీటిప్పించాడు. నా భార్య కూడా ఎక్కింది. నేను బస్సు లేపిన దుమ్ములో, పల్లిచెక్క బస్తాతో, వెనకాలే ఊరు చేరాను. సాయంత్రం కట్టు మీద తడి గానీ కంట్లో నొప్పి గానీ లేవని అమ్మ చెప్పాకే నాకు అన్నం సయించింది.

మర్నాడు ఏడింటికి, స్ప్రింగులు మార్పించడానికి ఒక్కణ్నే ఖమ్మం బయలుదేరాను. మూడు గంటల్లో చేరిపోయాను, దారిలో ఒక్కచోటా కింద తగల్లేదు. దుకాణం వీధి మలుపులో బామ్మర్ది ఎదురొచ్చి, బండి ఎట్లా నడిచిందని అడిగాడు. అమ్మ దిగిపోయాక బ్రహ్మాండంగా నడిచిందని చెప్పాను.