ట్రెయిలర్ వెనక రుబ్బురోలు

1979 ఏప్రిల్‌లో, మిషిగన్ రాష్ట్రంలోని ట్రాయ్‌లో ఒక చిన్న కంపెనీలో టెస్ట్ ఇంజనీరుగా చేరాను. కార్ల వెనక ట్రెయిలర్లను తగిలించే హిచ్‌లు తయారుచేయడం ఆ కంపెనీ పని. నా హోదా పేరు గొప్పగానే ఉండేది కానీ, చేసేది మాత్రం ఇసుక బస్తాలు మోయడం. వాటిని ట్రెయిలర్‌లో ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కి సర్ది, ట్రాక్ మీద నడిపించి, ఏ వేగంలో ఊగడం మొదలవుతుందో రాసుకునేవాళ్ళం. నా పైన సీనియర్ ఇంజనీరు, ఆయన పైన చీఫ్. నా కింద బస్తాలు తప్ప ఎవరూ లేరు.

మేం పాటించే సూత్రం కష్టమైనదేమీ కాదు. సామాను బరువు ఇరుసుకు ముందు కొంచెం ఎక్కువ, వెనక కొంచెం తక్కువ ఉండాలి. ట్రెయిలర్ మొత్తం బరువులో కనీసం పదో వంతు కారు వెనకున్న ఇనుప గుండు మీద పడాలి. దాన్ని టంగ్ వెయిట్ అంటాం. అది చాలకపోతే వేగంలో ట్రెయిలర్ తోక కొట్టుకుంటుంది, కారును కూడా తనతో ఈడుస్తుంది. మూడేళ్ళలో ఈ సంగతి నిద్రలో లేపి అడిగినా చెప్పగలిగేంతగా వంటబట్టింది.

1982 జూలైలో మా తెలుగు చర్చికి చెందిన పది కుటుంబాలం ఉత్తరాన ఒక సరస్సు పక్కన మూడు రోజుల రిట్రీట్, అంటే ప్రార్థనల విడిది, పెట్టుకున్నాం. మా సంఘపెద్ద జాన్‌రత్నం గారు గుంటూరు జిల్లావారు, ఫార్మసిస్టు. తన స్టేషన్ వ్యాగన్ కారుకు తగిలించడానికి స్నేహితుడి దగ్గర ట్రావెల్ ట్రెయిలర్ అడిగి తెచ్చారు. లోపల మంచాలు, వెనక భాగంలో వంటగది. అక్కడ దిగగానే ముందు అందరికీ అన్నం పెట్టాలన్నది ఆయన భార్య కరుణమ్మ గారి నియమం. అందుకని బియ్యం బస్తాలు, పప్పులు, గిన్నెలు, పచ్చడి జాడీలు అన్నీ వెనకే, చేతికందేలా సర్దించారు. వాటి పక్కన, ఊరి నుంచి ఓడలో తెప్పించుకున్న రుబ్బురోలు. మూడు రోజులకు రుబ్బురోలు ఎందుకని ఆవిడను అడిగే ధైర్యం మాలో ఎవరికీ లేదు. నీళ్ళ ట్యాంకు కూడా వెనకే, నిండుగా ఉంది.

బయల్దేరే రోజు పొద్దున నేను వాళ్ళింటికి వెళ్ళేసరికి ట్రెయిలర్ ముక్కు పైకి లేచి ఉంది. చూడగానే విషయం అర్థమైంది. అప్పటికే అందరూ ప్రయాణ ప్రార్థనకు నిలబడ్డారు. మావాళ్ళలో ఆ ప్రార్థన అయ్యాక ఇక బయల్దేరడమే. ఎక్కించిన సామాను మళ్ళీ దించమనడం ఎవరికీ నచ్చదు. ఆమెన్ అన్నాక జాన్‌రత్నం గారి దగ్గరికి వెళ్ళి, వెనక బరువు కాస్త ఎక్కువైందేమో అని నసిగాను. కరుణ సర్దితే ఇరవై ఏళ్ళలో ఒక్క జాడీ పగల్లేదని ఆయన నవ్వారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

నా కారు వాళ్ళ వెనకే నడిపాను. గంటన్నర ఏమీ కాలేదు. తర్వాత ఒక పల్లంలో పెద్ద ట్రక్కు వాళ్ళను దాటి వెళ్ళింది. ఆ గాలికి ట్రెయిలర్ ఎడమకు ఊగింది, కుడికి ఊగింది, ప్రతిసారీ ఇంకాస్త ఎక్కువగా. అది పక్కకు జరిగినప్పుడల్లా ముందున్న వ్యాగన్ వెనక సీట్లో ఆయన ఇద్దరు కూతుళ్ళ జడలు కనబడ్డాయి. పెద్దదానికి పదకొండు, చిన్నదానికి ఎనిమిది. ఆయన బ్రేకు వేశారు, ఊగడం పెరిగింది. అదృష్టం కొద్దీ ఆయన బ్రేకు వదిలేశారు, ఎదురుగా ఎత్తు వచ్చింది, వేగం తగ్గి ట్రెయిలర్ ఊగడం ఆగింది.

మెల్లగా నడిపి తర్వాతి రెస్ట్ ఏరియాలో ఆపారు. ట్రెయిలర్ చక్రాలకు అడ్డు చెక్కలు పెట్టి, కారు నుంచి విడదీశాం. దాని ముందు భాగాన్ని రెండు చేతులతో పట్టి ఎత్తాను. లేచింది. ఆయన్నీ ఎత్తి చూడమన్నాను. ఆయన చేతికీ లేచింది. సరిగ్గా సర్దిన ట్రెయిలరైతే ఇద్దరం కలిసినా కదలదని చెప్పాను. ట్యాంకులో నీళ్ళు వదిలేశాం. రుబ్బురోలూ బియ్యమూ ఇరుసుకు కాస్త ముందు, ట్రెయిలర్ లోపల నేల మీదే పెట్టి తాళ్ళతో బిగించాం. జాడీలు మాత్రం వంటగదిలోనే ఉంచాం. కరుణమ్మ గారు తానే బస్తాలు అందించారు. మళ్ళీ ఎత్తి చూస్తే ముందు భాగం కదల్లేదు.

జాన్‌రత్నం గారు చేతులు తుడుచుకుంటూ నన్ను పక్కకు పిలిచారు.

"పొద్దున ఇంటి దగ్గరే నీకు తెలుసా, తమ్ముడూ?"

తెలుసన్నాను. మీరు పెద్దవారు, అందరి ముందూ గట్టిగా చెప్పడానికి మొహమాటపడ్డానని కూడా ఒప్పుకున్నాను.

"పెద్దవాణ్ణి నేనయ్యా. వెనక సీట్లో ఉన్నది పిల్లలు."

ఆయన గొంతులో కోపం లేదు. ఉంటే నాకు కొంత తేలిగ్గా ఉండేది.

బరువు తప్పుగా ఉందని తెలిసినవాడు కారు కదలకముందే ఆపాలి, బండి ఎవరిదైనా సరే, ఎదుటివారు ఎంత పెద్దవారైనా సరే. నేర్చుకున్నది అంతే. నాలుగేళ్ళ తర్వాత మా వైస్ ప్రెసిడెంటు సెలవులకు బయల్దేరుతూ తన ట్రెయిలర్‌ను కంపెనీ పార్కింగ్ లాట్‌లో నిలబెట్టారు. దాని ముక్కు లేచి ఉంది. రెండుసార్లు చెప్పాను, ఆయన నవ్వారు. వెళ్ళి ఆయన కారు తాళంచెవులు తీసుకుని నా జేబులో వేసుకున్నాను. సామాను ముందుకు జరిపించాకే ఇచ్చాను. ఆయన నెల రోజులు నాతో మాట్లాడలేదు.