ఉరుముతో మొదలైన క్యాసెట్టు

ఊరికొక్క టేప్‌రికార్డరు ఉంటే గొప్ప అనుకునే ఆ కాలంలో, గొంతు కాస్త పలికేవాడికి పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో చోటు దొరికేది. నాకూ దొరికింది. ధర్మవరం చుట్టుపక్కల పెళ్లిళ్లలో సినిమా పాటలు పాడేవాణ్ని. "అచ్చం రేడియోలో ఇన్నట్లే ఉండాదప్పా" అని మెచ్చుకునేవాళ్లు. మొదట్లో పొంగిపోయేవాణ్ని, పోనుపోను ఒళ్లు మండేది. ఇన్నాళ్లుగా పాడుతున్నా నా సొంత గొంతు ఎలా ఉంటుందో ఎవరికీ తెలియదే అని దిగులు పట్టుకుంది. (విస్తరి ముందు కూర్చున్నప్పుడు మాత్రం ఆ దిగులు కనిపించేది కాదని మా అక్క అంటుంది.)

సరిగ్గా అప్పుడే మా అక్క మొగుడు, అంటే బావ, బెంగళూరు నుంచి ఎలక్ట్రానిక్ కీబోర్డు తెచ్చాడు. ఒక మీట నొక్కితే డోలక్, ఇంకోటి నొక్కితే వేణువు, మరోటి నొక్కితే ఉరుము. ఇక నా దశ తిరిగిందని తేల్చేసుకున్నాను. పాటలు నేనే కట్టాను. ఏ కంపెనీ గడపా తొక్కకుండా, బావ ఇంట్లో తలుపులు మూసి, కిటికీలకు దుప్పట్లు కట్టి, చెమటలు కక్కుతూ రికార్డు చేసి, ఖాళీ క్యాసెట్లలోకి మేమే ఎక్కించుకున్నాం. మొదటి పాట ఉరుముతోనే మొదలవ్వాలని పట్టుబట్టింది నేనే. వినేవాళ్లు ఉలిక్కిపడాలి మరి.

విడుదల తనకల్లు దగ్గర బావ సొంతూళ్లో, బడి ముందర. మైకు సెట్టు పెట్టించి, మెరుపుల చొక్కా, నల్ల కళ్లద్దాలు వేసుకుని నిలబడ్డాను. ఆ ఏడు వానల్లేవు. విత్తనపు శనక్కాయలు ఇళ్లల్లో మూటలుగానే ఉన్నాయి. పట్టుమని పదిమంది కూడా రాలేదు. బావ టేపు వేయగానే స్పీకర్లలోంచి ఉరుము దద్దరిల్లింది. అంతే, ఇళ్లల్లోంచి జనం పరుగున వచ్చారు. నా గుండె ఉప్పొంగింది. తీరా చూస్తే నా వంక చూసినవాడు లేడు, అందరూ తలలెత్తి ఆకాశం చూస్తున్నారు. బడి పక్కనే ఇల్లున్న బావ వాళ్ల అవ్వ అయితే చూరు కింద బిందె కూడా పెట్టేసింది.

"ఏమప్పా, ఇది ఉత్త ఉరుమా?" అన్నాడు ఒకాయన విసుగ్గా. బావ భయపడి టేపు ఆపేశాడు. నా కొత్త జన్మ అక్కడితో ముగిసిందనుకున్నాను.

"ఏంటికి ఆపితివి? ఉరుము ఇని ఎన్నాళ్లాయనో. ఇంగొకసారి ఎయ్యి" అంది అవ్వ.

"దాని ఎనకాల పాట ఉండాదవ్వా, అది ఇనల్ల" అన్నాను ఉడుక్కుంటూ.

"ఉంటే ఉండనీలే, అదీ ఇంటాం."

అందరూ నేలమీదే కూర్చున్నారు. ఉరుము, దాని వెనక నా పాట, మళ్లీ వెనక్కి తిప్పితే ఉరుము, మళ్లీ పాట. పొద్దు వాలేదాకా అదే వరస. చివరికి అవ్వ బిందె చంకన పెట్టుకుని నా దగ్గరికొచ్చింది.

"ఈ పాట పాడినోడు యాడోడప్పా?"

"నేనేనవ్వా."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "నువ్వా? మావోని పెండ్లిలో పాడితివి గదా, అప్పుడు గొంతు ఇట్ల లేదే."

నల్లద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాను. ఆ తర్వాత ఆ క్యాసెట్లు కొన్నవాళ్లు చాలామంది నా పాటలు చెరిపి సినిమా పాటలు ఎక్కించుకున్నారని తెలిసింది. మళ్లీ పెళ్లిళ్లకే పోయాను. ఇప్పుడు తలచుకుంటే ఆ మెరుపుల చొక్కావాణ్ని చూసి నవ్వొస్తుంది. కానీ ఆ సాయంత్రం ఇంటికి వెళుతూ వాడు ఎంత సంతోషంగా ఉన్నాడో నాకు తెలుసు.