సాంచెల మోతలో ఇంటర్వ్యూ

రికార్డింగ్ మొదలుపెట్టగానే స్టాఫ్‌రూంలో పక్క టేబుల్ మేడం చెవులు మూసుకుంది. ఫోన్ నిండా సాంచెల మోత. సిరిసిల్లలో పవర్‌లూమ్‌ను సాంచె అంటారు. ఒకే షెడ్డులో వరసగా అవి ఆడుతుంటే పక్క మనిషి అరిచినా వినపడదు.

"ఇంటర్వ్యూ ఎక్కడమ్మా?" అని అడిగాను.

ఎదురుగా కూర్చున్న నా ఎంఏ విద్యార్థిని ముఖం పాలిపోయింది.

"గీ అక్క ఎంత మంచిగ చెప్పింది మేడం! నాకు ఒక్కొక్క మాట ఇనవడ్డది."

వినపడలేదు, కనపడింది. ఆ పిల్ల తల్లి కార్ఖానాలో కండెలకు నూలు చుడుతుంది, తండ్రి సాంచెలు నడుపుతాడు. అక్కడ అందరూ పెదవులతో, కనుబొమ్మలతో, వేళ్లతో మాట్లాడుకుంటారు. ఉయ్యాలలో ఉన్నప్పటి నుంచి అదే చూసి పెరిగింది కాబట్టి చూడటానికీ వినడానికీ తేడా ఉందని ఆమెకు తట్టలేదు. ఫోన్‌కు పెదవులు చదవడం రాదని అంతకన్నా తట్టలేదు. సాంచెల పక్కన పెరిగిన పిల్ల తప్ప ఇంకెవరూ చేయలేని పొరపాటు! నాకు నవ్వాగలేదు, ఆమెకు ఏడుపు ఆగలేదు.

ఏడవాల్సిన సంగతే. జగిత్యాల కాలేజీలో నేను చెప్పేది అభివృద్ధి, సామాజిక మార్పు. అనేక దేశాల నేతపట్టణాల్లో బతుకులు ఎలా మారుతున్నాయో పరిశోధించే ప్రొఫెసర్ ఒకావిడ హైదరాబాద్ నుంచి మా సెమినార్‌కు వస్తున్నారు. తన పరిశోధనలోకి మా పిల్లల్లో ఒక్కరిని తీసుకుంటానన్నారు. ఈ పిల్ల ఆ ఒక్క అవకాశం మీదే ప్రాణం పెట్టుకుంది. ఆడవాళ్ల మాటలన్నీ పేజీలకు పేజీలు రాసి, రికార్డింగులతో సహా ఆవిడకు పంపేసింది కూడా. మోత తప్ప ఏమీ వినపడకపోతే ఆ మాటలన్నీ అల్లుకొచ్చినవే అనుకోరూ?

"వాళ్ల ఇండ్లకు పోయి మళ్లీ అడుగు" అన్నాను.

వెళ్లింది. ఈసారి మాటలు శుభ్రంగా వినపడ్డాయి. "అంత మంచిగనే ఉన్నది బిడ్డా. మా ఆసామి మంచోడు. చాయ్ తాగుతవా?" ఆసామి అంటే సాంచెల యజమాని. కార్ఖానాలో ఇదే అక్క, పండుగ చీరల ఆర్డర్ అయిపోగానే ఆడవాళ్లమంతా ఒక్కమాట మీద నిలబడి కూలి పెంచమని అడుగుతామని చెప్పింది!

"మరి ఇంటి దగ్గర ఎందుకు చెప్పలేదు?"

"ఇంటికాడ గోడకు చెవులుంటయి మేడం. కార్ఖానల ఎవ్వరికి ఇనరాదు."

"ఆసామి అక్కడే ఉంటాడు కదా?"

"గాయన సుత సాంచెల నడుమ పెరిగినోడే. గందుకే గాయనకు ఈపు జూపెట్టి మాట్లాడుతరు."

నేను కుర్చీలోంచి లేచిపోయాను. టేబుల్ మీద చెయ్యి చరిస్తే చాయ్ ఒలికి జవాబు పత్రాల మీద పడింది. పడనీ! మనుషులు ఎక్కడ, ఎవరి ముందు మనసు విప్పుతారన్నది ఏళ్లుగా పాఠం చెప్తున్నాను. తలుపులు మూసిన గది కావాలి, నిశ్శబ్దం కావాలి అంటాయి మా పద్ధతులు. ఇక్కడ చెవులు చిల్లులుపడే మోతే వాళ్లకు తలుపు. ఇంత మంచి సంగతి మా కాలేజీలో ఎవరికీ దొరకలేదు.

"అయితే వీడియో తీసుకురా. ప్రొఫెసర్‌కు చూపిద్దాం" అన్నాను హుషారుగా.

"తియ్య మేడం. పెదవులు కనవడితే ఆసామికి సుత సమజైతది. నాకు సీటు రాకున్నా మంచిదే."

గురువును మించిన శిష్యురాలంటే ఇదే కాబోలు. నాకు ఆ పిల్లను ఎత్తుకుని తిప్పాలన్నంత సంతోషం కలిగింది.

సెమినార్ రోజు కోరుట్లలోని మా ఇంటి నుంచి పొద్దున్నే బస్సెక్కి, తినీ తినక పరుగెత్తాను. పిల్ల తల్లి కూడా పని మానుకుని వచ్చి వెనక వరసలో నా పక్కన కూర్చుంది. "గా పెద్ద మేడంకు కోపమెక్కువనా?" అని అడుగుతూనే ఉంది. ఏమో అక్కా, నాకూ భయంగానే ఉందన్నాను.

ప్రొఫెసర్ కోపంగా ఏమీ లేరు. అందుకే ఇంకా భయమేసింది. "మీ పేజీల్లో మాటలున్నాయి, రికార్డింగుల్లో మోత ఉంది. ఈ మాటలు ఎక్కడివి? వాళ్లలో ఒకరిని పిలిపించండి, నేను మాట్లాడతాను."

"పిలవను మేడం. నమ్మి చెప్పిన్రు. బయటపడితే వాళ్ల పని పోతది" అంది మా పిల్ల. "మీకు ఇంకో తీరుగ చూపిస్త."

ఫోన్‌ను హాలు స్పీకర్లకు కలిపి, సాంచెల మోత పెట్టి, సౌండ్ మొత్తం పెంచింది. కిటికీ అద్దాలు గలగలలాడాయి. పక్కనున్న ప్రిన్సిపాల్‌తో ఏదైనా మాట్లాడమని ప్రొఫెసర్‌కు సైగ చేసింది. వాళ్లు మాట్లాడుకున్నారు. మోత ఆపింది.

"దారి పొడుగునా నడుము పట్టేసింది, ఇప్పుడు తల కూడానా అన్నరు మేడం మీరు. మంచి భోజనం పెట్టిస్తానన్నరు ప్రిన్సిపాల్ సారు."

హాలంతా ఒకటే నవ్వు. నేనైతే విద్యార్థుల కంటే ఎక్కువ చప్పట్లు కొట్టాను. ప్రొఫెసర్ మాత్రం నవ్వలేదు. "మళ్లీ పెట్టు" అన్నారు. ఈసారి ఇంగ్లీషులో గబగబా ఏదో అన్నారు.

"సగమే దొరికింది మేడం. ఇంగ్లీషు పెదవులు నాకింకా అలవాటు కాలే" అని ఒప్పుకుంది పిల్ల.

"ఇంకొక్కసారి" అన్నారు ప్రొఫెసర్.

మళ్లీ మోత. ఇంతలో స్పీకర్ వైరు వదులైందేమో, పిల్ల దాన్ని సర్దడానికి వంగింది. సరిగ్గా అప్పుడే ప్రొఫెసర్ ప్రిన్సిపాల్ వైపు తిరిగి రెండు ముక్కలు అన్నారు. పిల్ల చూడలేదు. తల్లి చూసింది. నా చెయ్యి నలిగిపోయేలా పట్టుకుంది. పెదవులు చదవడం నాకు రాదు కదా, అందుకని ఉన్న బలమంతా పెట్టి నా చెవిలో అరిచింది. అదే క్షణంలో వైరు ఊడి, మోత ఠక్కున ఆగింది.

"నా బిడ్డను తీస్కుంటదట!"

హాలంతా వెనక్కి తిరిగింది. ప్రొఫెసర్ గభాలున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు.