చేవెళ్ల తొట్టెలకు ఏ రంగు చీర?

ఆదివారం ఉదయం తొమ్మిది ఇరవైకి మెహదీపట్నంలో బస్సెక్కాం: నేను, మా ఆయన, మా అన్న, రంగు వెలిసిన పాత చీరలో మూటగట్టిన ఒక గుగ్గిళ్ల గంప. చేవెళ్లలో, మా కోడలి పుట్టింట్లో, మనవరాలి తొట్టెల, అంటే ఉయ్యాల వేడుక. పాపను పడుకోబెట్టే చీర మేమే తేవాలి. ముందురోజే కొడుకు ఫోన్ చేశాడు.

"అమ్మా, బాపును, మామను జర పట్టుకో. పెండ్లిల లెక్క ఈడ గూడ లొల్లి పెడితే మా అత్తమ్మ ముందర నా ఇజ్జత్ పోతది."

నిజమే. ఆ పెళ్లి విందులో వీళ్లిద్దరి వాదనకు వియ్యంకుడి పాయసం చల్లారిపోయింది. మా ఆయన లెక్కలో సర్కారు రోడ్డేసి పక్కకు తప్పుకోవాలి. మా అన్న లెక్కలో సర్కారంటే తల్లి, అన్నీ పెట్టాలి. అందుకే చేవెళ్ల దాకా రాజకీయాలు బంద్ అని ఇద్దరితో ఒట్టు వేయించాను.

ఆ ఒట్టు కండక్టర్ వచ్చేదాకా నిలిచింది. ఆడవాళ్లకిచ్చే సున్నా టికెట్‌ను నా చేతిలో మా ఆయన చచ్చిన బొద్దింకను చూసినట్టు చూశాడు.

"గిట్ల ముఫ్తుగ తిప్పితే బస్సులు ఎన్నొద్దులు నడుస్తయి బావా?"

"నీ ఇంటామెకే గద బావా ఫాయిదా! నీకేం నొస్తున్నది?" అన్నాడు మా అన్న.

ఇద్దరూ ఒకరినొకరు బావా అనే పిలుచుకుంటారు. ముందు సీట్లో కునుకుతున్న అవ్వ వెనక్కి తిరిగి, "గింత లొల్లైతే నాకు నిద్రెట్ల పడ్తది బిడ్డా?" అని గద్దిస్తే గాని ఆగలేదు.

పది పదికి మొయినాబాద్‌లో దిగాం. అక్కడ మా అన్నకు తెలిసిన బట్టల కొట్టుంది. గులాబీ చీర తీయగానే మా ఆయన మొహం తిప్పాడు. కాషాయానికి మా అన్న మూతి ముడిచాడు. పసుపు, నీలం, ఎరుపు, దేన్ని ముట్టినా ఏదో ఒక పార్టీ జెండా! విసిగిపోయి తెల్లది తీయించాను.

"తెల్లదా? గది లీడర్లందరు తొడిగేది!" అన్నారిద్దరూ ఒక్కగొంతుతో.

"రంగు లేని బట్ట నా కాడ లేదమ్మా," అని కొట్టాయన చీరలు మడతపెట్టేశాడు. ఇంతలో చేవెళ్ల బస్సు వచ్చింది. వట్టి చేతులతో ఎక్కాం.

కనకమామిడి దాటేసరికి ఏడుపొచ్చింది. మొదటి మనవరాలికి చీర కూడా తేని నాయనమ్మనా నేను?

పదకొండు దాటాక చేవెళ్ల చేరాం. గడపలోనే వియ్యపురాలు, "తొట్లె చీర ఏది వదినా?" అంది. బావలిద్దరూ చెప్పులు విప్పడంలో మునిగిపోయారు. నేను గంపకు కట్టిన పాత చీర విప్పి దులిపాను.

"ఇదే వదినా. పసిపిల్లకు పాత చీరైతేనే మెత్తగ ఉంటది."

ఆమె దాన్ని బుగ్గకు ఆనించుకుని, "నిజమే, ఎంత మెత్తగున్నదో!" అంది. పాప అందులో పడగానే నిద్రపోయింది. కొడుకు నన్ను చూసి నవ్వాడు. నా ప్రాణం లేచొచ్చింది. బగారన్నం రెండుసార్లు పెట్టించుకున్నాను.

నాలుగింటికి తిరుగు బస్సు. బావలిద్దరూ ఒకే సీట్లో కూర్చున్నారు.

"ఆ చీర కొత్తల గులాబీ రంగుండె," అన్నాడు మా అన్న.

"కాషాయం!" అన్నాడు మా ఆయన. "ఏదైతేంది, బట్ట గట్టిది బావా. సొంత పైసలు పెట్టి కొన్నదానికి ఆ మన్నికే వేరు."

అది వంకాయ రంగు. ఒక పండుగకు రేషన్ షాపు ముందు గంటన్నర లైన్లో నిలబడి తెచ్చుకున్న, సర్కారు ముఫ్తుగా పంచిన చీర. చెప్దామని నోరు తెరిచాను. మెహదీపట్నం ఇంకా గంట దూరం ఉంది. మూసుకున్నాను.