అద్దం మీద అప్పడమంత బొట్టు

ఆ రోజుల్లోనే కాదు, ఇప్పటికీ మా జగ్గయ్యపేట వైపు కారు కొన్నవాళ్ళు ముందు పెట్రోలు బంకుకి వెళ్ళరు, వేదాద్రి వెళ్తారు. నరసింహస్వామి గుడి ముందు నిలబెట్టి, పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించాకే అది కారు. అంతవరకూ ఇనప డబ్బానే. నందిగామ కాలేజీలో లెక్చరర్‌గా చేరిన కొత్తలో, బస్సులో రోజూ నిలబడి వెళ్ళలేక నేనూ ఒక సెకండ్ హ్యాండ్ కారు కొన్నా. మా ఇంట్లో స్టీరింగు పట్టిన మొదటి మనిషిని నేనే. దాంతో మా నాన్న ఒక షరతు పెట్టారు. "వేదాద్రి వెళ్ళొచ్చేలోపు బండికి చిన్న గీత పడినా తాళాలు బాబాయికిచ్చేస్తా. నువ్వు మళ్ళీ బస్సెక్కుదువు గాని." (మా బాబాయికి అప్పటికి సైకిలు తప్ప ఏమీ రాదు. కానీ మగాడు కదా, నేర్చుకుంటాడని నాన్న నమ్మకం.)

పూజారిగారు కారు ముందద్దం మధ్యలో పొందిగ్గా నామాలు దిద్దారు. మా నాయనమ్మకి అవి ఆనలేదు. ఇంటి నుంచి తెచ్చిన కుంకుమలో నువ్వుల నూనె రంగరించి, సరిగ్గా నా సీటుకి ఎదురుగా, అద్దం మీద అప్పడమంత బొట్టు పెట్టింది. "నూనెతో పెడితే రాలదే. అయినా దిష్టి తగిలేది నడిపే మనిషికే కదా" అంది. నేనూ కాదనలేదు. మెడ పక్కకి వంచి, ఆ అప్పడం అంచు మీంచి రోడ్డు చూసుకుంటూ ఇంటికి బయల్దేరా (ఇప్పుడు తల్చుకుంటే ఒళ్ళు మండుతుంది, అప్పుడు మాత్రం అది భక్తి అనుకున్నా).

పొద్దుట్నుంచీ మబ్బు పట్టి ఉంది. సగం దారిలో ఒక్కసారిగా కుండపోతగా దంచింది. వైపర్ వేశా. మొదటి ఊపుకి అప్పడం కాస్తా దోసె అయింది, రెండో ఊపుకి అద్దమంతా ఎర్రగా అలికినట్టయింది. ఎదురొచ్చే బండి లైట్లు ఆ నూనెలో పడి ఎటు చూసినా వెలుగే తప్ప దారి లేదు. "నాన్నా, ఏం కనపడట్లేదు. ఆపి తుడుస్తా" అన్నా. "ఆపకు. వెనకాల సిమెంటు లారీ ఉంది, గుద్దేస్తాడు" అన్నారు పక్క సీట్లో నాన్న. "తుడవకు. పూజ చేసిన బొట్టు ఇల్లు చేరకముందే తుడుస్తారా ఎవరన్నా" అంది వెనక నుంచి నాయనమ్మ. ఆపకూడదు, తుడవకూడదు, గీత పడకూడదు. పక్క అద్దం దించి తల బయటపెట్టి, కళ్ళల్లో వాన కొడుతుంటే నడిపా. నాన్న కూడా అటువైపు తల బయటపెట్టి "పోనీ, పోనీ, కొంచెం ఎడమకి" అంటున్నారు. ఉన్నట్టుండి ఆయన మాట ఆగిపోయింది. ఎదురుగా నల్లగా గోడలా ఏదో ఉంది. బ్రేకు మీద దాదాపు నిలబడ్డా. బండి ఒక పక్కకి జారి, ఊగి, ఆగింది. అది పత్తి ట్రాక్టరు. పట్టా కప్పి, వెనక ఒక్క లైటన్నా లేకుండా వానకి రోడ్డు మీదే ఆపేశాడు మహానుభావుడు. మా బంపర్‌కీ దానికీ మధ్య జానెడు సందు. వెనక లారీ హారన్ మోగించుకుంటూ మమ్మల్ని తప్పించుకుని పోయింది.

నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు కూడా. కారు రోడ్డు దింపి, రెండు వైపులా ఇండికేటర్లు వేసి, తాళం తీసి నాన్న చేతిలో పెట్టా. "బాబాయికే ఇచ్చుకోండి. ఆ అద్దం తుడవకుండా మాత్రం నేను నడపను" అన్నా. వెనక తలుపు తెరుచుకున్న చప్పుడయింది. చినుకు పడితే వరండా దాటని మా నాయనమ్మ, ఆ వానలో దిగి ట్రాక్టరు దగ్గరికి నడిచింది. పట్టా కింద ముడుచుకుని కూర్చున్న మనిషిని "పిడికెడు పత్తి ఇవ్వు నాయనా, పొడిది చూసి" అని అడిగి తెచ్చుకుంది. ఆ పత్తితో నూనె అద్దుతూ, రుద్దుతూ, మాకు వినపడేట్టే దేవుడికి చెప్పుకుంది. "స్వామీ, కాస్త పక్కకి జరుగు నాయనా. పిల్లకి దారి కనపడట్లేదు."

బొట్టూ పోయింది, నామాలూ పోయాయి, రోడ్డు కనపడింది. నాన్న తాళం తిరిగి నా ఒళ్ళో పెట్టి, "వాన తగ్గాకే తియ్యి. తొందరేం లేదు" అన్నారు. మర్నాడు నందిగామ బయల్దేరబోతూ చూస్తే అద్దానికి ఎడమవైపు మూల, కింద, ఆవగింజంత బొట్టు ఉంది. ఉత్త కుంకుమే, నూనె లేదు.

ఇప్పుడు నాది రెండో కారు. హైవే మీద వాన గట్టిగా పట్టిందంటే పక్కకి తీసి ఆపేస్తా. "అందరూ వెళ్తున్నారు కదమ్మా" అని మా అబ్బాయి గొణుగుతుంటాడు. వీడి లెక్కలో నేను పిరికిదాన్ని. గొణగనీ. ఈ కారుకి ఆ మూల బొట్టు పెట్టడానికి నాయనమ్మ లేదు, నేనే పెట్టా, ఆవిడ పెట్టినంత గుండ్రంగా రాలేదు. అది దారికి ఏమాత్రం అడ్డం రాదు. అలా ఆగి కూర్చున్నప్పుడు నాకే ఒక్కోసారి, కాస్త ఇటు జరుగు నాయనమ్మా, అనాలనిపిస్తుంది.