కేబుల్ తెగిన పూట

ఈ రోజు పొద్దున్న శృంగవరపుకోటలో రోడ్డు తవ్వుతూ కేబుల్ తెంపేశారు. ఫోన్లు, ఇంటర్నెట్ అన్నీ పోయాయి. హాజరు పంపండి, భోజనాల ఫొటో పంపండి అని ఈ హెడ్‌మిస్ట్రెస్‌ను గంటకోసారి అడిగే పైఆఫీసు కూడా నోరు మూసుకుంది.

ఏడాదిగా వాయిదా వేస్తున్న పనికి తెల్లకాగితం తీశాను. కొండ కింది ఊళ్ళ ఆడపిల్లలు ఎనిమిదిలో బడి మానేస్తున్నారు. వాళ్ళ బస్సు మా చివరి గంట కొట్టకముందే వెళ్ళిపోతుంది. టైంటేబుల్ మారిస్తే?

అటెండర్ అప్పలనాయుడు తొంగి చూశాడు.

"ఏటి మేడమ్, ఉత్తినే కూకున్నారు? ఒంట్లో బాగులేదేటి?"

"బాగానే ఉంది. ఆలోచించుకుంటున్నాను."

అతను తలుపు దగ్గరగా వేసి, బయట స్టూలు అడ్డంగా వేసుకుని కూర్చున్నాడు. వచ్చిన టీచర్లందరికీ "మేడమ్ ఆలోసిస్తన్నారు, తరవాత రండి" అని చెప్పి పంపేశాడు. ఇరవై ఏళ్ళ సర్వీసులో నా ఆలోచనకు ఎవరూ కాపలా కాయలేదు.

పన్నెండింటికి సిగ్నల్ వచ్చింది. ఇక ఫోను ఒకటే మోత. కాగితం సగంలోనే ఆగిపోయింది.

సాయంత్రం అతనే అడిగాడు. "రేపు కూడా ఆలోసిస్తారేటి మేడమ్? స్టూలు అక్కడే ఉంచనా?"

రేపు సిగ్నల్ ఉంటుంది కదయ్యా అన్నాను. స్టూలు తియ్యమని మాత్రం అనలేకపోయాను.

మీ ఊళ్ళో కేబుల్ తెగి ఎన్నాళ్ళయింది?